పొట్లం కట్టే చేతులు

ధర్మవరంలో నేను పాఠాలు చెప్పే బడిలో, నా గొంతు మూడో బెంచీ దాటదని పిల్లలు నవ్వుకుంటారు. నాడీకణాల పాఠం వచ్చిన రోజు మాత్రం వెనక బెంచీ వాళ్ళు కూడా ముందుకు వంగి వింటారు. ఆ రోజు బోర్డు మీద ఒక కిరాణా అంగడి గీస్తాను. సందుకు అవతల, ఎదురుగా ఇంకో అంగడి. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోవు.

మొదటి అంగడి మా తాతది. పెనుకొండ బజారులో చింతపండు, బెల్లం, పోపు సామాను అమ్మేవాడు. పాత కాగితం చింపి చేతిలో ఒక్కసారి తిప్పితే సంచి అయ్యేది. అందులో మిరియాలు పోసి, అంచు మడిచి, దూలానికి వేలాడే ఉండ నుంచి పురికొస లాగి, అటూ ఇటూ చుట్టి పటుక్కున తెంచేవాడు. ఆ పొట్లం కింద పడినా విడిపోయేది కాదు. బడి వదలగానే నేను బియ్యం మూటల మీద కూర్చుని, పొట్లాలు కాకముందే ఆ కాగితాలు చదివేదాన్ని. చాలా కథల చివరలు నాకు ఇప్పటికీ తెలియవు. అవి జీలకర్రతో పాటు ఎవరిళ్ళకో వెళ్ళిపోయాయి.

నేను రోజూ రైల్లో హిందూపురం వెళ్ళి డిగ్రీ చదువుతున్నప్పుడు తాత కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఊరికే కూర్చున్నా బొటనవేలూ చూపుడువేలూ కనపడని దారాన్ని నలుపుతున్నట్టు కదిలేవి. తర్వాత చెయ్యి బిగుసుకుపోయింది. పొట్లాలు విడిపోయి చక్కెర గల్లాపెట్టె మీద ఒలికేది.

"నువ్వు ఇంట్లో కూచో నాయనా. నేను ప్లాస్టిక్ కవర్లు తెస్తా. ఉగాది నుంచి అంగడి నేను చూసుకుంటా" అన్నాడు మా నాయన. కోపంగా ఏమీ అనలేదు.

నాయన అటు వెళ్ళాక తాత నాతో అన్నాడు: "ఇంట్లో కూచుంటే గోడలు నన్నేమడుగుతాయి పాపా? అరకేజీ బెల్లం ఇయ్యమంటాయా?"

హిందూపురంలో నరాల డాక్టరు మాత్రలు రాశాడు. అవి పెద్దగా పనిచేయలేదు. ఒక్క ఏకాదశి నాడు తప్ప. ఆ రోజు తాత ఉపవాసం. ఆ రోజు మధ్యాహ్నం చెయ్యి తేలికపడి, పొట్లాలు మునుపటిలాగే బిగుతుగా కట్టాడు. తర్వాతి ఏకాదశికీ అంతే.

అవ్వ దేవుడి పటానికి దండం పెట్టింది. "చూసినారా? స్వామి కనికరించినాడు. ఇంక సోమవారం, శనివారం కూడా ఉపవాసం ఉండు" అని తాతకు చెప్పింది. తాత సరేనన్నాడు. ఉగాది దగ్గరపడుతోంది. అంగడి వదలకుండా ఉండడానికి రోజూ ఉపవాసం ఉండమన్నా ఉండేవాడు. అప్పటికే చొక్కా వదులైంది, మెట్టెక్కితే గోడ పట్టుకుంటున్నాడు.

నాకు దేవుడి సంగతి తెలియదు. కాలేజీ లైబ్రరీలో తెలిసింది మాత్రం ఇది. తిన్న పప్పూ పాలూ అరిగి రక్తంలో కలిసి, మెదడులోకి వెళ్ళడానికి ఏ దారిలో తోసుకుంటాయో, ఆ మాత్రలోని మందు కూడా ఆ దారిలోనే వెళ్ళాలి. పప్పూ పాలూ ముందే దారి నింపేస్తే మందుకు చోటు దొరకదు. మా ఇంట్లో ఏ మాత్రనూ ఖాళీ కడుపుతో మింగనివ్వరు. పేగులు కాలతాయని అవ్వ నమ్మకం. పొద్దున లోటాడు పాలతో, మధ్యాహ్నం సంగటి, అలసంద పప్పు తిన్నాక వేసేది. ఏకాదశి నాడు తాత పాలు కూడా ముట్టడు. ఒట్టి నీళ్ళతోనే మింగేవాడు.

ఇది డాక్టరుకు చెప్పాలి. అంతవరకు నేను కొత్తవాళ్ళతో, అడగకుండా నోరు తెరిచిందే లేదు. ఆ ఆదివారం తాత, అవ్వలతో హిందూపురం వెళ్ళాను. డాక్టరు గదిలో ఇంకో ఇద్దరు రోగులు, వాళ్ళ బంధువులు నిలబడే ఉన్నారు. డాక్టరు మాత్ర మోతాదు పెంచి చీటీ రాసేస్తున్నాడు.

"సార్" అన్నాను. వినపడలేదు. ఇంకోసారి అన్నాను. ఈసారి గదిలో అందరూ నావైపు తిరిగారు. ఏకాదశి సంగతి, పాల సంగతి, పప్పు సంగతి ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

డాక్టరు పెన్ను ఆపాడు. "పాలతో ఇస్తున్నారా?" అని అవ్వను అడిగాడు.

"ఇయ్యకుంటే ఎట్ల సామీ, పేగులు ఏం కావాల?"

పెంచిన మోతాదు కొట్టేసి పాతదే ఉంచాడు. తిండికి అరగంట ముందు, నీళ్ళతో వేయమన్నాడు. పప్పు రాత్రికి పెట్టమన్నాడు. "ఉపవాసాలు మాన్పించండి, మనిషి నీరసించిపోతాడు."

బయటికి వచ్చాక అవ్వ ముఖం ముడుచుకుంది. "అంటే స్వామి కాదంటావా?"

"స్వామే అనుకోవే. నీ పప్పు అడ్డమొచ్చింది, అంతే" అన్నాడు తాత.

తిరుగు రైల్లో అవ్వ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. "నా తలకాయలో ఏం జరుగుతాండాది పాపా? నాకర్థమయ్యేటట్ల చెప్పు" అన్నాడు తాత.

చెప్పాను. తల నిండా అంగళ్ళు. ఒక్కో అంగడికీ ఎదుటి అంగడికీ మధ్య సన్నని సందు. ఈ పక్క అంగడి ఒక రసాయనాన్ని చిన్న చిన్న పొట్లాలు కట్టి పెట్టుకుంటుంది. కబురు రాగానే పొట్లం అంచుకొచ్చి విచ్చుకుంటుంది, సరుకు సందులోకి పడుతుంది. అవతలి అంగడి వాకిట్లో ఆ సరుకును మాత్రమే పట్టుకునే పిడికిళ్ళుంటాయి. అవి పట్టుకుంటేనే కబురు ముందుకు పోతుంది, చెయ్యి చెప్పినట్టు కదులుతుంది. మిగిలిన సరుకును మొదటి అంగడే వెనక్కి తీసుకుని మళ్ళీ పొట్లాలు కడుతుంది.

"పారబొయ్యరా? మంచి యాపారం" అన్నాడు తాత. "మరి నా అంగళ్ళకేమొచ్చె?"

"డోపమిన్ అనే సరుకు కట్టే అంగళ్ళు మూతపడుతున్నాయి తాతా. ఆ మాత్ర, మిగిలినవాటికి ముడిసరుకు."

"ఆడ కూడా ముసలోల్లే కూచోనుండారేమో" అన్నాడు తాత. నా డైరీలో ఆ ఆదివారానికి ఆ మాట ఒక్కటే ఉంది.

మూసిన అంగళ్ళను మాత్ర తెరవలేదు. తెరవదని నాకు తెలుసు, తాతకూ చెప్పాను. ఏళ్ళు గడిచేకొద్దీ అది పనిచేసే గంటలు తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు తాత లేడు, అంగడిలో వేరేవాళ్ళు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కానీ పెనుకొండ వెళ్ళి ఆ బజారులో నడిస్తే, నాకు ముందు కనపడేది ఆ సంవత్సరం ఉగాది ముందు రోజే.

జనం కిటకిటలాడుతున్నారు. తాత గల్లా దగ్గరే ఉన్నాడు. చెయ్యి నిదానంగా కదులుతోంది, కానీ కదులుతోంది. పరిగి నుంచి వచ్చిన ఒకావిడ సంచి పట్టుకుని నిలబడింది.

"ఏమప్పా పెద్దాయనా, నువ్వు పొట్లం కట్టేలోపల నా బస్సు పోతాది!"

"పోతే ఇంగోటి వస్తాది మ్మా. ఇట్లాంటి పొట్లం రాదు."

ఆమె నవ్వి, సంచి కింద పెట్టి నిలబడింది. నాయన తెచ్చిన కవర్ల కట్ట విప్పకుండా మూలనే ఉంది. నాయన తాత పక్కన నిలబడి, పొట్లానికి సరిపడేంత కాగితాలు చింపి ఒక్కొక్కటిగా అందిస్తున్నాడు.