ఇంకా ఎవరు రాలేదు?

ఆఫ్రికాలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన ఆ ఇంజినీరు, ఏ మీటింగైనా మొదలుపెట్టే ముందు చుట్టూ చూసి, "ఇంకా ఎవరు రాలేదు?" అని అడిగేవాడు. తొంభైల నడుమ మర్రిపాడు దగ్గర మా ఊళ్ళో కొత్త బోరింగు వేయించడానికి వచ్చాడు. దాని పిడి ఎంత పొడవుండాలో కూడా మమ్మల్నే చెప్పమనేవాడు.

"మనమందరం ఉంటేనే నేనుంటాను. ఆఫ్రికాలో పెద్దల మాట ఇది. నీళ్ళు మోసేవాళ్ళు చెప్పకుండా కాగితం మీద గీత కూడా గియ్యను" అనేవాడు.

నాకు నమ్మకం కుదరలేదు. అంత చదువుకున్నవాడు మమ్మల్ని అడగడమేమిటి? మా అవ్వ అయితే తేల్చేసింది. "రేపు బోరింగు చెడిపోతే, మీరు చెప్పినట్టే చేసినాం గదా అంటాడు. అందుకే అడగతా ఉండాడు."

పిడి కొలత తేల్చే రోజు చర్చి ముందర చేరాం. ఏ మీటింగుకూ ఎవరూ పిలవని చెరువుకట్ట దగ్గరి కుటుంబాలను కూడా ఆయనే వెళ్ళి పిలుచుకొచ్చాడు. అందరూ కూర్చున్నాక అలవాటుగా చుట్టూ చూశాడు.

"ఇంకా ఎవరు రాలేదు?"

"నువ్వే రాలేదు నాయనా," అంది అవ్వ. "మా నీళ్ళు తాగితే పళ్ళు గారబడతాయని జీపులో డబ్బా నీళ్ళు తెచ్చుకుంటా ఉండావు. ఇంక మాతో ఉండేదేంది?"

ఆయన లేచి, మా బిందెలో నీళ్ళు ముంచుకుని గ్లాసెడూ తాగాడు. నా అనుమానం కొంచెం సడలింది.

మర్నాడు జీపు మళ్ళీ వచ్చింది. వెనక సీట్లో డబ్బా అట్లాగే ఉంది. కాకపోతే దాని మీద తువ్వాలు కప్పి ఉంది.