బండ మీద తస్నీమ్ అక్క

చలపతిగారి అమ్మాయి అడవిలో తప్పిపోతే లోకమంతా వెతికిందట, తస్నీమ్ అక్క మాత్రం బండ మీద కాళ్లు చాపుకుని కూర్చుందట. ఈ మాట నేను మొదట విన్నది మేముండే టూంగాబీలోని పార్కులో, ఆదివారం బార్బెక్యూ దగ్గర. సీతాదేవి ఆంటీ మొక్కజొన్న కండెలు తిప్పుతూ చెప్పింది.

"పై ఆఫీసర్ వచ్చి లేవమన్నా లేవలేదట. కూర్చోడానికి జీతమిచ్చే దేశం ఇదొక్కటేనమ్మా!"

"అందుకేగా జాబ్ పీకేశారు," అంది వసంత. "సొంత పిల్లలుంటే తెలిసేది ఆవిడకి."

ఆ చివరి మాటకు ఎవరూ నవ్వలేదు. అలాగని ఎవరూ కాదనలేదు.

తస్నీమ్ అక్కది గుంటూరు. మా పక్క యూనిట్‌లో ఉండేది. బట్టలారేసే తీగలు రెండు ఇళ్లకూ కలిపి పెరట్లో ఒకే చోట ఉండేవి. మా అక్క పిల్లల్ని చూసుకోవడానికి ఇంటర్ మధ్యలో ఆపేసి వచ్చిన నాకు ఈ దేశంలో మొదట పరిచయమైన మనిషి ఆవిడే. నేను మాట్లాడేది తక్కువ. ఆవిడ ఇద్దరి వంతూ తనే మాట్లాడేది.

ఆవిడ భర్త ఇమ్రాన్ అన్న తొంభై ఎనిమిదిలో వైటూకే పని మీద వచ్చాడు. రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు. అవి ఆగలేదు. వేసవి పోకముందే ఇమ్రాన్ అన్న కాంట్రాక్టు ఆగింది. అప్పుడు తస్నీమ్ అక్క పని వెతుక్కుంది. కౌన్సిల్ వాళ్ల ఆడవాళ్ల నడక గుంపులో పరిచయమైన కెర్రీ అనే యాభై ఏళ్ల మనిషి ఆవిడను తన దగ్గర చేర్చుకుంది. బడి మానేసిన పిల్లల్ని, ఇంట్లో ఎవరితోనూ పొసగని పిల్లల్ని బ్లూ మౌంటెన్స్ అవతలి అడవుల్లోకి తీసుకెళ్లి, రెండు వారాలు నడిపించి, మాట్లాడించి, తిరిగి తీసుకురావడం కెర్రీ పని. తస్నీమ్ అక్క తలకు స్కార్ఫ్ బిగించి, దాని మీద వెడల్పాటి టోపీ పెట్టి, తనకంటే పెద్ద సంచీ వీపున వేసుకుని బయలుదేరుతుంటే ఇమ్రాన్ అన్న గుమ్మంలో నిలబడి, "మా బేగం ఆఫీసే నయం, కంప్యూటర్లే లేవు," అనేవాడు.

మొదట్లో ఆవిడకు ఆ పని చేతకాలేదు. పిల్ల మంట రాజేయలేక ఏడుస్తుంటే తను రాజేసేది. డేరా తాడుకు ముడి పడకపోతే తను వేసేది. పిల్లలే చేసుకోవాలంటూ కెర్రీ వచ్చి ఆవిడ చేతులు పట్టుకుని పక్కకు తీసేది.

"చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని," అని చెప్పింది ఒకసారి దుప్పటి పిండుతూ. "చలేస్తోందా అని అడిగేవాళ్లు పిల్లలు. చలి కాదురా నాయనా, మా గుంటూరు రోగం అందామనుకునేదాన్ని."

చేతులను కట్టడి చేయడం నేర్చుకుంది గానీ నోటిని కట్టడి చేయడం అంత తొందరగా రాలేదు. నడకలో పిల్లల దగ్గర గడియారాలుండవు. ఎంత దూరమని అడిగితే గైడు చెప్పకూడదు. కెర్రీ నియమం ఒకటే: తెలియదని చెప్పు, లేదా చెప్పనని చెప్పు, ఊరడించడానికి అబద్ధం మాత్రం చెప్పకు. ఈ పిల్లలు పెద్దవాళ్ల దగ్గర అబద్ధాలు చాలా విని వచ్చారు. కానీ మనవాళ్లు పిల్లల్ని నడిపించేదే ఆ ఒక్క మాట మీద. అదిగో వచ్చేశాం, ఆ మలుపు దాటితే ఇల్లే.

రెండువేల ఒకటి ఆగస్టు నడకలో చలపతిగారి అమ్మాయి భానుశ్రీ ఉంది. పదిహేనేళ్లు. చలపతిగారు కెల్లీవిల్‌లో ఇల్లు కట్టించడానికి మాట్లాడుకున్నారు. ప్రతి ఆదివారం ఆ స్థలానికి కూతుర్ని తీసుకెళ్లి, "ఇదిగో, ఇది నీ రూమ్," అని చూపించేవారు. ఆయన ఉద్యోగం పోయింది, ఇల్లూ చేతులు మారింది. అయినా ఆయనా, ఆయన భార్య సుమగారూ కూతురితో "నెక్స్ట్ మంత్ వెళ్లిపోతాం, బంగారూ" అంటూనే ఉన్నారు. ఒకరోజు భానుశ్రీ బడి ఎగ్గొట్టి బస్సెక్కి వెళ్లి చూసింది. తన గది కిటికీకి ఎవరివో పూల కర్టెన్లు. ఆ రోజు నుంచి బడికి పోలేదు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

నడకలోనూ మాట్లాడలేదు. మూడోనాడు మడమ బొబ్బలెక్కి, దారి మధ్యలో కూలబడింది. కెర్రీ మిగిలినవాళ్లతో ముందు వెళ్లిపోయింది. వెనక మిగిలింది తస్నీమ్ అక్క ఒక్కతే. భానుశ్రీ తలెత్తి తెలుగులో అడిగింది.

"ఇంకా ఎంత దూరం ఆంటీ?"

అన్ని రోజుల తర్వాత ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. తస్నీమ్ అక్క కరిగిపోయింది.

"వచ్చేశామమ్మా. ఆ మలుపు దాటితే అయిపోయినట్టే."

మలుపు దాటాక ఎదురుగా ఇంకో కొండ. భానుశ్రీ కొండను చూసింది, ఆవిడను చూసింది. సంచీ కింద పడేసింది.

"యూ ఆర్ జస్ట్ లైక్ దెమ్!"

అని దారి వదిలి రాళ్ల మధ్యకు పరుగెత్తింది. తస్నీమ్ అక్క వెంటపడితే ఇంకా వేగంగా పరుగెత్తింది. కింద వాగు ఉంది, ఆ పక్కంతా జారుడు రాయి. ఇంకా తరిమితే పిల్ల పడిపోతుందని ఆవిడ ఆగిపోయింది. అంతలోనే పిల్ల కనిపించకుండా పోయింది. ఆవిడ దారి పక్కనున్న పెద్ద బండ ఎక్కి గొంతెత్తి అరిచింది.

"భానూ! నేను అబద్ధం చెప్పాను. ఇంకా రెండు కొండలున్నాయి. నేను ఈ బండ మీదే ఉంటాను. నువ్వు వచ్చేదాకా కదలను."

రేడియోలో కెర్రీకి చెప్పింది. కెర్రీ వెనక్కి వచ్చింది. మధ్యాహ్నానికి జీపులో అడవి కాపలా మనుషులు వచ్చారు. ఈ దేశంలో చలికాలమైన ఆగస్టులో, స్వెటర్ కూడా సంచీలోనే వదిలేసిన పిల్ల. రాత్రి పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. కెర్రీ అందర్నీ వాగు వైపు పంపింది. తస్నీమ్ అక్కనూ లేవమంది.

"ఇక్కడే ఉంటానని చెప్పాను," అంది ఆవిడ.

"ఆ పిల్ల వినిందో లేదో నీకేం తెలుసు?"

"తెలియదు."

"ఇది నా ఆర్డర్, తస్నీమ్. ప్రతి మనిషీ కావాలి నాకు."

ఆవిడ లేవలేదు. చేతులు తొడల కింద లేవు ఈసారి. రెండు చేతుల్తో బండను పట్టుకుని కూర్చుంది. పిల్ల వాగులో పడి ఉంటే, తను ఇక్కడ కూర్చున్నందుకు జీవితాంతం ఏ ముఖం పెట్టుకుని బతకాలి అనుకుందట. లేచి వెళ్లాక ఆ పిల్ల వచ్చి ఖాళీ బండ చూస్తే, అని కూడా అనుకుందట. ఏది తప్పో ఇప్పటికీ తేల్చుకోలేనని నాతో అంది.

తర్వాతి నడకకు కెర్రీ ఆవిడను పిలవలేదు. ఆర్డర్ వినని మనిషిని అడవిలో నమ్మలేనని ముఖానే చెప్పింది. తస్నీమ్ అక్క దాన్ని తప్పుపట్టలేదు.

ఆ వారమే సుమగారు వాళ్లింటికి వచ్చారు. నేను పెరట్లో పిల్లల బట్టలు తీస్తున్నాను. తలుపు తీసే ఉంది.

"మా అమ్మాయి మళ్లీ మామూలు మనిషవుతుంది కదా తస్నీమ్? నువ్వు దగ్గరుండి చూశావు. అవుతుందని చెప్పు."

తస్నీమ్ అక్క టీ కప్పు ఆవిడ ముందుకు జరిపింది.

"నాకు తెలియదు సుమగారూ."

"ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది? తల్లిని!"

"తెలిస్తే చెప్పనా?"

సుమగారు టీ తాగకుండా లేచి వెళ్లిపోయారు. బండ మీద కూర్చున్న కథ ఊరంతా తిరిగింది ఆ తర్వాతే. తస్నీమ్ అక్కను ఇళ్లకు పిలవడం తగ్గింది. ఎవరి ఉద్యోగం పోయినా, ఎవరి వీసా ఆగినా, అంతా బాగవుతుందని అందరూ అనుకునే చోట, ఆ మాట అనని మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం కష్టం. ఇమ్రాన్ అన్న కూడా "వచ్చే వారం ఉద్యోగం పక్కా" అనడం మానేశాడు. ఆ ఇంట్లోంచి నవ్వులు మునుపటంత వినపడేవి కావు.

భానుశ్రీ మాత్రం వాళ్లింటికి వస్తుండేది. ఒకనాడు తీగ దగ్గర తనే నాతో చెప్పింది. ఆ రోజు వాగు వైపు అసలు పోలేదట. దారికి పైనున్న రాతి అరుగు మీద పొదల వెనక పడుకుని ఉంది. అక్కడి నుంచి బండ కనిపిస్తూనే ఉంది. కెర్రీ చేతులూపుతూ కేకలేయడం, ఆవిడ లేవకపోవడం చూసింది.

వెతకడానికి వెళ్లినవాళ్లెవరికీ భానుశ్రీ దొరకలేదు. పొద్దు వాలకముందే తనంతట తనే నడిచి ఆ బండ దగ్గరికి వచ్చింది.