కిందింటి పెద్దమ్మ చెప్పిన పుస్తకాలు

మా ఓనరమ్మ పోయిందన్న కబురు నాకు చప్పట్ల నడుమ అందింది.

ఆ రోజు నేను నిర్మల్‌లో మా అవ్వ దగ్గర ఉన్నాను. అవ్వకు కంటి ఆపరేషన్ అయింది, చుక్కల మందు వేసే దిక్కు లేదని లీవు పెట్టి వెళ్లాను. పొద్దున చాయ పెడుతుంటే ఫోను మోగింది. మా పుస్తకాల వాట్సాప్ గ్రూపులో ఓనరమ్మ నంబరు నుంచి ఒకటే ముక్క: "అంత ఒడిసిపాయె."

ఈ మాట సంగతి కొంచెం చెప్పాలి. మా దిక్కున ఒడిసింది అంటే అయిపోయింది అని. మా గ్రూపులో అది ఒక కట్టుబాటు కూడా. నెలకో పుస్తకం అందరం చదువుతాం. చదవడం పూర్తయినవాళ్లు "ఒడిసింది" అని మాత్రమే రాయాలి. బాగుందనీ బాగాలేదనీ అప్పుడే అనకూడదు, చివరికి ఎవరేమయ్యారో అసలే చెప్పకూడదు. అందరూ ఆ ముక్క రాశాకే ముచ్చట మొదలు. ముందుగా ముగించినవాళ్లకు మిగతావాళ్లు చప్పట్ల బొమ్మలు పెడతారు. ఆ నెల పుస్తకం ఇటుకంత లావుది. అందుకని ఆ పొద్దున వరసబెట్టి చప్పట్లు పడ్డాయి. నేనూ చాయగిన్నె మీద ఒక కన్ను వేసి ఒంటి చేత్తో రాశాను: "గంత జల్ది ఎట్ల ఒడగొట్టినవ్ పెద్దమ్మా?"

జవాబుగా ఫోనే వచ్చింది. మాట్లాడింది ఆమె కూతురు.

"చెల్లె, నేను. మా సుట్టాల గ్రూపుల పెట్టబోతె మీ దాంట్ల పడ్డది. అమ్మ లేదు చెల్లె. తెల్లారంగ దవాఖానల పోయింది."

నేను ఊరికి బయలుదేరినప్పుడు ఆమెకు జ్వరం. "జర ఒళ్లు ఎచ్చగున్నది, అంతే. నువ్వు అవ్వ కాడికి పో" అన్నది. నేను పోయాను. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు. చాయ పొంగి పొయ్యి ఆరిపోయింది, అవ్వ లోపలి నుంచి "ఏమైంది బిడ్డా" అని అరుస్తూనే ఉంది.

కరీంనగర్‌లో ఒక ల్యాబులో నా ఉద్యోగం. జనం చేతుల్లోంచి రక్తం తీస్తాను. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. అక్కడ వాళ్లకు శుక్రవారం సెలవు కాబట్టి మా కాపురం కూడా శుక్రవారమే. ఒంటరి ఆడమనిషికి ఇల్లు కిరాయికి ఇవ్వాలంటే అందరికీ ఎక్కడలేని అనుమానాలు. మొగుడు ఎప్పుడొస్తాడు, ఎవరెవరు వచ్చిపోతారు, రాత్రి డ్యూటీ ఉంటుందా. ఇట్లా ఊరంతా తిరిగి తిరిగి ఈమె ఇంటి ముందు నిలబడితే, మెట్ల మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటూ ఒకటే అడిగింది.

"ఏం చదువుతవ్?"

"చదువు అయిపోయింది పెద్దమ్మా. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసిన."

"గది కాదు పిల్లా. గా చదువు ఒడిసినంక ఏం చదువుతున్నవ్ అంటున్న."

నేను బిక్కమొహం వేశాను. ఆ కోర్సు తర్వాత నేను చదివినవి మందుసీసాల మీది తేదీలు, మా ఆయన పెట్టే మెసేజీలు, అంతే. "సరె, ముందుగల పైకి పోయి ఇల్లు చూసుకో" అన్నది, ఆ లోటు మెల్లగా తీర్చుకోవచ్చులే అన్నట్టు.

ఆమె లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. భర్త పోయి చాలా కాలం. కూతురిది నిజామాబాద్. కథలూ నవలలూ ఆమె ఉద్యోగం దిగాకే మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "బతుకంత జవాబులున్న లెక్కలే చెప్పిన. వెనక పేజీల చూసుకుంటె ఆన్సరు ఉంటుండె. ఇగ ఆన్సరు లేనియి చూద్దామని" అన్నది. కూతురు కొనిచ్చిన ఫోనులోనే చదివేది. అక్షరాలను రెండు వేళ్లతో లాగి లాగి శనక్కాయలంత చేసుకునేది.

నాకు మొదట్లో ఆమె మీద కోపంగా ఉండేది. ఓనరు ఓనరులా ఉంటే ఎవరికీ బాధ లేదు. ఈమె మెట్ల కింద నిలబడి, "ఏ పిల్లా, మోటరు బందు చెయ్, ట్యాంకు నిండింది... గామె ఇల్లిడిచి పోయిందా, ఇంక ఆడనే ఉన్నదా?" అని ఒకే గుక్కలో అరిచేది. వాడకట్టు వాళ్లు నా ఇంట్లోంచి ఎవతో లేచిపోయిందనుకునేవాళ్లు. గామె అంటే నవలలో ఆమె. నేను పైనుంచి "ఇంక పోలే పెద్దమ్మా, సూట్‌కేసు సదురుతున్నది" అని అరిచేదాన్ని. ఇట్లా అరుచుకుంటూనే నాకు చదవడం అంటుకుంది.

పుస్తకం ఎంచుకోవడంలో ఆమెకు ఆమె పద్ధతులు. ఆన్‌లైన్ అంగళ్లలో పుస్తకం కింద చుక్కలు ఇస్తారు కదా, అయిదు చుక్కలంటే బ్రహ్మాండం అని. ఆమె నేరుగా ఒక్క చుక్క ఇచ్చినవాళ్ల దగ్గరికి పోయేది. "మెచ్చుకున్నోళ్లు అట్ట చూసి మెచ్చుకున్నట్టుంటరు. తిట్టినోడు మాత్రం పాపం చదివి తిడ్తడు" అనేది. ఎవడో "ఇందులో ఏమీ జరగదు, వంటలూ వానలూ తప్ప" అని తిట్టిన పుస్తకాన్ని ఆ కారణానికే ఎంచింది. అది నాకు ఇప్పటికీ ఇష్టం.

ఉచితంగా కొన్ని పేజీలు చూపిస్తారు కదా, అవి నమ్మేది కాదు. "మొదటి పేజీ పెండ్లిచూపులసొంటిది. అందరు ముద్దుగనే కూసుంటరు. నడుమ ఏడన్న తెరువు, ఆడ మనిషి అసలు గుణం తెలుస్తది." ఆ సైట్లు "మీకు ఇవి కూడా నచ్చవచ్చు" అని చూపిస్తే ఇంకా మండేది. "నిన్న పప్పు తిన్ననని రోజు పప్పే పెడ్తున్నదిది!" నచ్చని పుస్తకాన్ని పట్టుకుని నేను వేలాడుతుంటే, "మూసెయ్ పిల్లా, పుస్తకం అలుగది" అనేది. మనుషుల విషయంలో మాత్రం అట్లా అనగా వినలేదు.

మా గ్రూపు పెట్టింది ఆమే. అంతకు ముందు ఏదో పెద్ద పాఠకుల గ్రూపులో చేరిందట, వేలమంది ఉండేవాళ్లు. అక్కడ పుస్తకాల కన్నా పంచాయతీలు ఎక్కువ, ఒకరినొకరు పొగుడుకోవడాలు, అలిగి వెళ్లిపోవడాలు. విసిగి బయటపడింది. "పెండ్లిల బంతికి కూసున్నట్టు ఉండాలె గని జాతరల తప్పిపోయినట్టు ఉంటె ఎట్ల?" అని ఒక బంతికి సరిపడా మందిమే పోగయ్యాం. సిరిసిల్లలో మరమగ్గాల ఇంటి అక్క ఒకామె, మగ్గాల చప్పుడులో చదవలేక చెవుల్లో వైర్లు పెట్టుకుని పుస్తకం వింటుంది. జైనూరు దగ్గర బడిలో పనిచేసే సారుకు గుట్ట ఎక్కితేనే సిగ్నలు. ఎక్కినప్పుడు వారం రోజుల ముచ్చట్లన్నీ ఒక్కసారే కుమ్మరిస్తాడు. ఇంకా కొందరు. వీళ్లలో ఒక్కరి మొహం కూడా నేను చూడలేదు.

పాత పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టినచోట్లు ఆమెకు మహా ఇష్టం. గ్రంథాలయాల ముద్రలు, ఎవరో పెన్సిలుతో గీసిన గీతలు, అన్నీ అట్లాగే కనబడతాయి. ఒకసారి అట్లా చదువుతున్న పాత నవలలో మంచి పట్టుమీద పేజీలు లేవు. స్కాన్ చేసినవాళ్లు రెండాకులు ఒక్కసారే తిప్పారు కాబోలు. ఇంటి కోడలు తలుపు తీసింది, ఎవరొచ్చారో ఆ పేజీలో ఉంది, ఆ పేజీ లేదు. పెద్దమ్మ అన్నం సరిగా తినలేదంటే నమ్మండి. కనబడిన ప్రతి పాఠకుల పేజీలో అడిగింది, "ఎవరి కాడన్న ఆ పుస్తకం ఉంటె గా పేజీలు జర ఫొటో తీసి పెట్టుండ్రి, పుణ్యముంటది" అని. చాలా రోజులకు ముక్కూమొహం తెలియని ఒకాయన పంపించాడు. ఫొటోలో పేజీ అంచున ఆయన బొటనవేలు పడింది, గోరు కొంచెం నల్లగా కమిలి ఉంది. తలుపు దగ్గరికి వచ్చింది ఎవరో చదివి తెలుసుకున్నాక కూడా పెద్దమ్మ ఆ ఫొటోనే చూస్తూ కూర్చుంది.

"ఎవలిదో గీ ఏలు. సల్లగుండ" అన్నది.

రెండో ఏడు మా ఆయన రావాల్సింది, రాలేదు. సెలవు దొరకలేదన్నాడు. నేను ఏడ్చింది పైన, ఆమెకు వినబడింది కింద. చెవులు మందమైన మనిషికి అది మాత్రం ఎట్లా వినబడిందో. మెట్లెక్కి వచ్చింది, మోకాళ్లు పట్టుకుని కాసేపు ఆయాసపడింది. ఊరుకో అనలేదు. నవ్వించే పుస్తకం ఏదైనా చెప్పు పెద్దమ్మా అంటే తల అడ్డంగా ఊపింది.

"ఏడ్చేటప్పుడు నవ్వేది చదువొద్దు బిడ్డా, యెక్కిరించినట్టుంటది. నీకంటె జర ఎక్కువ ఏడ్చినోళ్లది చదువు. తోడు ఉన్నట్టుంటది."

చెప్పి, నా ఫోను తీసుకుని తానే ఆ పుస్తకం వెతికిపెట్టి, మెట్లు దిగిపోయింది. పక్కన కూర్చుని ఓదార్చితే బాగుండు అని నాకు అప్పుడు అనిపించింది. తెల్లారి కిందికి పోతే ఇద్దరికీ రెండు గ్లాసుల్లో చాయ పోసి పెట్టి, "ఎందాక వచ్చినవ్?" అన్నది. నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగరు. ల్యాబులో అందరూ రిపోర్టు అడుగుతారు, మా ఆయన తిన్నావా అని అడుగుతాడు. నేను ఎందాక వచ్చానో అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

నిర్మల్ నుంచి నేను వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. దినాలు అయ్యేదాకా అక్క, అంటే ఆమె కూతురు, కిందే ఉన్నది. నేను అక్క మొహంలోకి చూడలేకపోయాను. చివరికి ఒకనాడు ధైర్యం చేసి, "అక్కా, గా పొద్దుగాల మేమంత చప్పట్లు కొట్టినం. మాకు ఎరుకలేకపాయె. ఏమనుకోకు" అన్నాను.

అక్క చీర కొంగుతో ముక్కు తుడుచుకున్నది. "నేనేమనుకుంట చెల్లె? గా దవాఖాన వరండల ఒక్కదాన్నే ఉన్న. గవి చూసి, అమ్మ మంచిగ బతికిందని అందరు చప్పట్లు కొడ్తున్నరనుకున్న. మీ గ్రూపుల గట్లనే చేస్తరేమో అనుకున్న."

ఇద్దరం అక్కడే గడపలో కూర్చుని ఏడ్చాము.

దినాలు అయ్యాక అక్క తలుపుకు తాళం వేసి నిజామాబాద్ వెళ్లిపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. మోటరు వేసి మరిచిపోతే ట్యాంకు నిండి నీళ్లు గోడ మీదుగా రోడ్డు దాకా పారాయి. ఎవరూ అరవలేదు.

కబురు తెలిసినప్పటి నుంచి గ్రూపు కూడా మూగబోయింది. ఆ లావు పుస్తకాన్ని అందరూ ఈ పాటికి చదివేసే ఉంటారు. నేనూ చదివాను. కానీ ఒక్కరు కూడా "ఒడిసింది" అని రాయలేదు. ఆ మాట ఇప్పుడు ఎవరి వేళ్లకూ రావడం లేదు. ఆ మాట రాయనిదే ముచ్చట మొదలుకాదు, ముచ్చట లేనిదే కొత్త పుస్తకం రాదు. ఇట్లాగే ఇంకో నెల ఊరుకుంటే ఈ గ్రూపు నా ఫోనులో అడుగుకు, అడుగుకు జారిపోయి, ఎప్పుడో చల్లారిన వరసల్లో కలిసిపోతుందని నాకు తెలుసు. అప్పుడు ఈ ఊళ్లో నాతో మాట్లాడేవాళ్లు, రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు తప్ప, ఎవరూ ఉండరు. నాకు భయమేసింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నమంతా ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఆమె చూసే చోట్లన్నీ చూశాను. ఎన్ని పుస్తకాలు! ఒకటి తెరిస్తే పది ఎదురొస్తాయి. ఎవరో వీడియోలో చదవక తప్పని పుస్తకాలివి అని గొంతు చించుకుంటున్నాడు. ఇంకెవరో అవే దండగ అంటున్నాడు. కడుపునిండా అన్నం ఉన్న ఇంట్లో వడ్డించేవాళ్లు లేనట్టుంది నాకు. ఒక నవల నడుమ తెరిచి నాలుగు పేజీలు చదివాను. బాగానే ఉన్నట్టుంది. కానీ "బాగుంది" అని ఎవరు చెప్పాలి నాకు? నేనే చెప్పుకుంటే చెల్లుతుందా?

పొద్దు వాలుతుండగా ఇక ఉండబట్టలేక గ్రూపులో రాశాను: "వచ్చే నెల ఏం చదువుదాం?"

పంపిన మరుక్షణం కింద టింగుమన్నది.

నా చెవుల భ్రమ అనుకున్నాను. అంతలో సిరిసిల్ల అక్క రాసింది: "నువ్వే చెప్పు చెల్లె. ఆమె తాన ఎక్కువ ఇన్నది నువ్వే గద." నా చేతిలో టింగ్, కింద టింగ్. అక్క హడావిడిలో పెద్దమ్మ ఫోనును చార్జింగుకు పెట్టి లోపలే మరిచిపోయినట్టుంది. చెవులు మందమని పెద్దమ్మ సౌండు ఎప్పుడూ నిండుగానే పెట్టుకునేది. జైనూరు సారు గుట్టెక్కినట్టున్నాడు, "మీరే చెప్పుండ్రి మేడం" అన్నాడు. కింద టింగ్. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు, ఇన్నాళ్లూ ఎవరైనా నోరు తెరిస్తే చాలని కాచుకున్నట్టు, నువ్వే చెప్పు, నువ్వే చెప్పు అని.

మెట్లు దిగి వెళ్లి తాళం వేసిన తలుపు ముందు కూర్చున్నాను. లోపల మోగుతూనే ఉంది. కాసేపటికి ఆగింది. అందరూ రాయడం అయిపోయి నా జవాబు కోసం చూస్తున్నారు.

మధ్యాహ్నం నడుమ తెరిచి చూసిన ఆ నవల పేరు టైప్ చేశాను. నేను ఎంచిన మొదటి పుస్తకం అది. పంపితే లోపల మోగుతుంది. మోగితే ఎవరూ తీసి చూడరు, ఇదేం పుస్తకం పిల్లా అనరు. బొత్తాం మీద వేలు పెట్టి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. వీధిలో లైట్లు వెలిగాయి.

పంపాను. తలుపు అవతల ఒక్కసారి మోగి ఊరుకున్నది.