ముందు నేను చూస్తా

నేను శాకాహారిని, మా ఆయన అన్నీ తినేవారు. ఇటలీలో ఏ హోటల్‌కి వెళ్లినా నా ప్లేట్ ముందు తనవైపు లాక్కునేవారు.

"ఉండు, నాన్‌వెజ్ ఉందేమో ముందు నేను చూస్తా."

రోమ్‌లో పాస్తా నోట్లో పెట్టుకుని, "అనుమానంగానే ఉంది, నాకొదిలేయ్," అన్నారు.

"టమాటా సాసులో అనుమానమేంటండీ, మీ ఆకలి కాకపోతే!" అన్నాను. నవ్వుతూ సగం తినేశారు. ఫ్లోరెన్స్‌లోనూ అంతే.

వెనిస్‌లో మాత్రం ప్రతి పూటా ఒక్క ముద్ద రుచి చూసి, "బాగుంది, నువ్వే తిను," అని ప్లేట్ నావైపు జరిపేశారు. పోనీలే, బుద్ధొచ్చిందనుకుని హాయిగా తిన్నాను.

అమెరికా తిరిగొచ్చాక మా ఊరు నోవైలో డాక్టర్ ఆయన్ని అడిగారు, ఆకలి ఎప్పట్నుంచి లేదని. ఆయన, "సరిగ్గా తెలీదు," అన్నారు.

"వెనిస్ నుంచి," అన్నాను నేను.

ఆ చలికాలం మంచు కరగకముందే ఆయన పోయారు. ఇప్పటికీ భోజనానికి కూర్చుంటే, ప్లేట్‌ని నావైపు జరుపుతున్న ఆ చెయ్యే కనిపిస్తుంది.