బొమ్మనుకున్న ఇల్లు

మా బావ పోయాడు. కిందటి నెలలో ఒక మంగళవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "మీ బావ లేస్తలేడే," అన్నది. డాక్టరును పిలిచావా అని అడిగితే, పిలిచానని, ఆయన వచ్చి చూసి వెళ్ళిపోయాడు కూడా అని చెప్పింది. ఆ తర్వాత, కూరగాయలు చెప్పినంత మామూలుగా, "వచ్చేటప్పుడు మంచుగడ్డ చెప్పి రా. పెద్దది చెప్పు, ఎండ మస్తున్నది," అని ఫోన్ పెట్టేసింది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదేమని మీకనిపించవచ్చు. మీరు మా బావతో కాపురం చేయలేదు.

పోయినవాళ్ళను పొగడడం మన మర్యాద. వాళ్ళు లేచి కాదనలేరు గనక సులభం కూడా. బడిలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని కావడం వల్ల సంతాపసభలకు నన్ను పిలుస్తుంటారు. "అజాతశత్రువు" అన్న మాట ఆ సభల్లో విన్నన్నిసార్లు పాఠాల్లో కూడా వినలేదు. మా బావ అజాతశత్రువు కాదు. ఆయనంటే గిట్టనివాళ్ళతో చిక్కడపల్లిలో ఒక ఫంక్షన్ హాలు నింపవచ్చు. ముందు వరుసలో ఒక కుర్చీ నాది.

ఆయన ఫోటోగ్రాఫరు. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వైపు తిరిగే రోడ్డు మీద వాళ్ళ ఇల్లు. ఇంటి ముందుగదే స్టూడియో. జిల్లాల నుంచి వచ్చి, అశోక్‌నగర్ కిరాయి గదుల్లో నలుగురైదుగురు ఇరుక్కుని, పగలంతా లైబ్రరీలో కూర్చుని ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు దరఖాస్తు ఫోటోలు తీయడం ఆయన జీవనాధారం. ఆ పని ఆయనకు అసహ్యం. అసహ్యాన్ని దాచుకునే అలవాటు లేదు. స్టూలు మీద బిగుసుకుని కూర్చున్న పిల్లవాడితో, "ఇప్పుడే ఫెయిలైనట్టు మొఖం పెట్టినవేంది బిడ్డా, రిజల్టు దాక ఆగరాదు," అనేవాడు. నాలుగోసారి పరీక్ష రాస్తున్న ఒక అమ్మాయి కొత్త ఫోటో కోసం వస్తే, పాత నెగటివు వెతికి తీసి, అప్పుడు కళ్ళలో ఉన్న ఆశ ఇప్పుడు లేదని, కాబట్టి పాత ఫోటోయే అంటించుకొమ్మని సలహా ఇచ్చాడు. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే అక్క చాయ్ ఇచ్చి పంపింది. ఆయన మాట్లాడడం, అక్క వెనకాలే చాయ్ పట్టుకుని రావడం ఆ ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి.

"మనిషిని అసలు సైజుల జూస్తే రోత పుడుతది పంతులమ్మా," అనేవాడు నాతో. నాకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉన్నదని ఆయనకు చివరిదాకా తెలిసినట్టు లేదు.

ఆయన ప్రేమంతా ఒక పాత పెట్టె కెమెరా మీద. ముందు లెన్సు బిగించిన పలక, వెనక ఒక గరుకు అద్దం, రెంటికీ మధ్య హార్మోనియానికి ఉన్నట్టు మడతల నల్లతిత్తి. ఆదివారం పొద్దున ఆ పెట్టెనూ, దాని మూడుకాళ్ళ స్టాండునూ మోసుకుని నారాయణగూడలో ఒక బట్టల వ్యాపారి నాలుగంతస్తుల మేడ ఎక్కేవాడు. పిట్టగోడ మీదుగా కెమెరా మొహం కిందికి వంచి, నల్లగుడ్డ తల మీద కప్పుకుని, లెన్సు ఉన్న పలకను మాత్రం కొంచెం కొంచెంగా వెనక్కి వాల్చేవాడు. అంతే. కిందనున్న వీధిలో ఒక్క పట్టీ మాత్రం కత్తితో కోసినట్టు స్పష్టంగా నిలిచేది. దానికి ముందూ వెనకా ఉన్నదంతా మసకలోకి జారిపోయేది. ఆ ఫోటో చూస్తే అది వీధి అనిపించదు. ఎవరో ఓపికగలవాళ్ళు బల్ల మీద పేర్చిన బొమ్మల కొలువు అనిపిస్తుంది. బస్సు రేకుబస్సు అవుతుంది. జామకాయల బండి అగ్గిపెట్టె అవుతుంది. గొడుగు వేసుకుని నడిచే పెద్దమనిషి గుండుసూదికి రంగు వేసినట్టుంటాడు.

ఇదెలా అవుతుందని అడిగాను. ఆయన మర్యాదగా జవాబు చెప్పిన విషయం నాకు తెలిసి ఇదొక్కటే. "ముక్కు కాడ పెట్టుకొని జూసే వస్తువుకే ముందూ ఎనకా మసక పడుతది. దూరంది గట్ల పడదు. నేను దూరందానికి గా మసక పెడుత. కన్ను మోసపోయి, ఇది చిన్నది, నా చేతిల పట్టేది అనుకుంటది." నల్లగుడ్డ మడత పెడుతూ, "పెద్దగున్నదాన్ని ఎవ్వరు జూడరు. చిన్నగ జేస్తే వంగి చూస్తరు," అన్నాడు.

ఒకసారి నన్నూ ఆ గుడ్డ కిందికి రమ్మన్నాడు. గరుకు అద్దంలో లోకం తలకిందులుగా ఉంటుంది. నారాయణగూడ చౌరస్తా పైన వేలాడుతోంది. ఆటోలు గబ్బిలాల్లా దాన్ని పట్టుకుని పాకుతున్నాయి. పండ్లబండి దగ్గర ఇద్దరు మగవాళ్ళు చేతులు విసురుకుంటూ కొట్లాడుతున్నారు. చీమల తగాదాలా ముద్దుగా ఉంది. ఆ వారమే మా హెడ్‌మిస్ట్రెస్ నన్ను అందరి ముందూ కడిగేసింది. ఆవిడ కూడా ఇక్కడెక్కడో బొటనవేలంత ఉండి ఉంటుందని తోచి, ఏడు రోజుల తర్వాత ఆ గుడ్డ కింద నాకు ఊపిరాడింది. ఆ హాయి ఆయన నాకిచ్చాడు. అది మరిచిపోతే నేను ఆయన కంటే దుర్మార్గురాలిని.

అయితే ఎక్కడ ఆపాలో ఆయనకు తెలియదు. ఒక పెళ్ళికి వెళ్ళి, హాలు పైఅంతస్తు నుంచి తాళికట్టే వేళ తీసిన ఫోటోలో పెళ్ళికొడుకు బియ్యపుగింజంత ఉన్నాడు. పెళ్ళికూతురి తండ్రి భూతద్దం పెట్టుకుని అల్లుణ్ణి వెతుక్కున్నాడు. పెళ్ళిళ్ళకు పిలవడం ఆ తర్వాత మానేశారు.

ఇక అసలు సంగతి. ఆరేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చినవాళ్ళు అక్క ఇంటి గోడ మీద ఎర్రరంగుతో గీత గీసి పోయారు. గీతకు రోడ్డు వైపు ఉన్న ముందుగది మొత్తం పోతుంది. వెనక రెండు గదులు మిగులుతాయి. ఆ ముందుగది అక్క కట్టించింది. ఆయన స్టూడియో పేరుతో అందులో కూర్చున్నాడు గాని, ఇటుకలు దింపించిందీ, మేస్త్రీతో తగాదా పడిందీ, గోడలకు రోజూ రెండుపూటలా నీళ్ళు కొట్టిందీ ఆమె. అభ్యంతరాలుంటే ఫలానా రోజు ఆఫీసుకు వచ్చి చెప్పుకోమన్నారు. మాకు ఒక మంచి అభ్యంతరమే ఉంది. రోడ్డుకు ఎదురుగా, మూతపడ్డ టింబర్ డిపో తాలూకు ఖాళీ జాగా పొడుగునా పడి ఉంది. ఆ వైపు నుంచి తీసుకుంటే ఎవరి గోడా పడదు. అర్జీ నేను రాశాను. కామా ఒకటి తప్పు చోట పడిందని మొత్తం మళ్ళీ రాశాను. దానికి ఒక ఫోటో జోడించాలి: ఇటు ఇల్లు, అటు ఖాళీ జాగా, రెండూ కనబడేలా.

అక్క ఆయనకు చేతులెత్తి దండం పెట్టి చెప్పింది. "సీదా తియ్యి. నీ బొమ్మలాట ఒద్దు. నా ఇల్లు నాకు ఉంచు."

ఆయన తీశాడు కూడా. ఆ ఖాళీ జాగాకు వెనకనున్న ఎదుటి మేడ మీద నుంచి ఒకటి సీదాగా తీశాడు. ఆ తర్వాత ఎలాగూ కెమెరా ఎక్కించాను కదా అని, పలక వాల్చి ఇంకొకటి తీశాడు.

ఆఫీసు వరండాలో మా పేరు పిలవడానికి ఇంకా గంట టైముంది. ఆయన కవరు తెరిచి ఫోటో నా చేతిలో పెట్టాడు. రెండోది. పట్టీ సరిగ్గా ఇంటి మీద నిలిచింది. కిటికీ ఊచలు, మెట్లు, తలుపు పక్కన అక్క బోర్లించిన ఇత్తడి బిందె, గోడ మీద ఆ ఎర్రగీత కూడా, అన్నీ గోటితో ఎత్తి అరచేతిలో పెట్టుకోవచ్చనిపించేంత ముద్దుగా ఉన్నాయి. చుట్టూ లోకమంతా పాలలో ముంచినట్టుంది. ఎదురు జాగా కూడా ఆ పాలలోనే ఉంది. మేము చూపించవలసిందే అందులో లేదు.

ఇది నాకు ఆ క్షణాన్నే తెలిసింది. సీదా ఫోటో ఇంట్లో బల్ల మీద ఉంది. ఆటోలో పోయి రావడానికి అరగంట చాలు. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. తన పని చూసి ఎవరైనా బాగుందంటారేమోనని ముప్పై ఏళ్ళుగా ఎదురు చూసిన మొహం అది. మాస్టారుకు పలక చూపించే పిల్లవాడి మొహం. నా నోరు ఎటువంటిదో మా వీధికంతా తెలుసు. ఆ ఒక్క రోజు అది, "బాగుంది బావా," అన్నది.

అధికారి ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది సార్ ఇది, థర్మకోల్‌తోని ఇల్లు చేయించి ఫోటో తీసుకొచ్చిన్రా?" అన్నాడు. అసలు ఇల్లేనని నేను చెప్పాను. అసలు ఇల్లయితే ఎదురుగా ఉన్నదన్న జాగా ఏదని అడిగాడు. పక్కనున్న గుమాస్తా కూడా వంగి చూసి, పనితనం బాగుంది, కిటికీలు కూడా పెట్టారు అన్నాడు. అధికారి ఫోటోను అర్జీకి జోడించకుండా వెనక్కి ఇచ్చేసి, బొమ్మలు చూసి రోడ్లు వేయలేమని చెప్పి, తర్వాతి వాళ్ళను పిలవమన్నాడు. సరైన ఫోటో ఇచ్చి ఉంటే ఒప్పుకునేవాడని నేననను. ఒప్పుకోకపోవడానికి వేరే కారణం వెతుక్కోవలసి వచ్చేది, అంతే.

బయటికి రాగానే మా బావ నా మోచేయి పట్టుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. "చూసినవా పంతులమ్మా, నమ్మిండు," అన్నాడు. "బొమ్మనే అనుకున్నడు." ఆయన మొహం వెలిగిపోతోంది. సిగ్గుచేటు సంగతి ఏమిటంటే, నాకూ నవ్వొచ్చింది. వరండాలో ఇద్దరం నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుకున్నాం.

ఇంటికి వెళ్ళేసరికి అక్క వడ్డనకు సిద్ధంగా ఉంది. బల్ల మీద మిగిలిపోయిన సీదా ఫోటో అప్పటికే ఆమె కంట పడింది. ఏ ఫోటో ఇచ్చావని అడిగింది. మంచిదే ఇచ్చానన్నాడు. మా చెల్లె చూసిందా అని అడిగింది.

"పంతులమ్మకు చూపియ్యలే. కవరు అతికించుకొని పోయిన," అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

అబద్ధాన్ని అంత అలవోకగా చెప్పడం ఆయన దగ్గర నేను అంతకు ముందు చూడలేదు. ఆయన క్రూరమైన నిజాల మనిషి. అక్క లోపలికి పోయి, మా మనవరాలు వచ్చినప్పుడల్లా ఆడుకునే మట్టి గురుగులు కడిగి తెచ్చింది. చింతగింజంత గురిగిలో అన్నం, ఇంకో దాంట్లో నాలుగు చుక్కల పప్పు పెట్టి, ఆయన ముందు పేర్చింది. "నీకు చిన్నగుంటెనే కనపడుతది గద. తిను," అన్నది. మూడు రోజులు, రెండు పూటలా అదే వడ్డన. ఆయన వేలికొనతో తుడుచుకుని తిని, చెయ్యి కడుక్కుని లేచేవాడు. ఆ మూడు రోజులూ అక్కడే ఉన్న నేను ఎదురుగా స్టీలు పళ్ళెంలో కడుపు నిండా తిన్నాను.

ముందుగది పడగొట్టిన రోజు ఆయన ఎదుటి మేడ ఎక్కలేదు. అదొక్కటి ఆయన ఖాతాలో రాయాలి. పెట్టె కెమెరాను నల్లగుడ్డలోనే చుట్టి అటక మీద పెట్టాడు. మళ్ళీ దించినట్టు నేను వినలేదు. ఆ తర్వాత లైబ్రరీ గోడ పక్కన ఒక తెర కట్టుకుని, దరఖాస్తు ఫోటోలే తీసుకుంటూ బతికాడు. పిల్లల మొహాల మీద వ్యాఖ్యానాలు తగ్గాయి. ఆ ఆరేళ్ళలో అక్క ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆమె అలా ఉండడానికి కారణంలో సగం నేనేనని ఆయనకు తెలుసు. ఒక్కసారి కూడా, మాటల్లో ఎంత తగాదా వచ్చినా, దాన్ని బయటికి తీయలేదు. నాలాంటిదానికి అటువంటి ఆయుధం దొరికితే వారం కూడా ఒరలో ఉంచను.

శవాన్ని పడుకోబెట్టడానికి ముందుగది లేదు గనక, రోడ్డు అంచున షామియానా వేసి మంచుగడ్డల మీద ఉంచారు. పూలదండ వేయడానికి వంగినవాళ్ళు ఆటోలు వస్తున్నాయేమోనని వెనక్కి చూసుకుంటూ వేశారు. ఒకప్పుడు మెట్ల మీద ఏడ్చిన ఆ అమ్మాయి కూడా వచ్చింది. ఏదో ఆఫీసులో ఉద్యోగం వచ్చిందట. పాత ఫోటోనే అంటించిందట.

పదకొండో రోజు అందరూ వెళ్ళిపోయాక, సాయంత్రం, అక్కా నేనూ రోడ్డుకు పోగా మిగిలిన ఒకే ఒక్క మెట్టు మీద కూర్చున్నాం. ఫోటో నేను చూశానని చెప్పాను. బాగుందన్నానని కూడా చెప్పాను.

"నాకు తెల్వదా," అన్నది అక్క. "కామా కోసం అర్జీ మళ్ల రాసినదానివి, ఫోటో చూడకుండ పోనిస్తవానే." మెట్టు మీది దుమ్ము కొంగుతో దులిపింది. "ఇద్దర్ల ఎవరన్న చెప్తరేమోనని ఆరేండ్లు చూసిన. ఆయన నిన్ను కాపాడుకుంట కూసున్నడు. నువ్వు తిని పోయినవ్."

దానికి జవాబు తెలిసి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

అశోక్‌నగర్ వైపు నుంచి బస్సు వచ్చింది. అక్క కాళ్ళు లోపలికి ముడుచుకుంది. నేను చూసుకోలేదని, నా మోకాలి మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టింది. బస్సు మా మొహాల మీద వేడిగాలి కొట్టి పోయింది. ఆమె మళ్ళీ కాళ్ళు చాపుకుంది. చెయ్యి మాత్రం అక్కడే ఉంచింది, వెనకాల ఇంకో బస్సు వస్తోంది.