ముదురు పచ్చ నీళ్లు

బండి చల్లగా నడిస్తే అది సుగ్రి మాస్టర్ హస్తవాసి. కాగి ఆగిపోతే తియుంబా చేతి పాపం. మా తమాలె ఊరి చివర మెకానిక్ షెడ్లలో ఈ తీర్పు ఏళ్ల తరబడి చెల్లింది. షెడ్డు మాస్టర్‌ది, మెకానిక్‌ల సంఘం పెద్దరికం మాస్టర్‌ది, చివరి మాటా ఆయనదే. ఆయన కింద పనిచేసే తియుంబా తల వంచుకుని స్పానర్లు తుడుచుకునేది. ఆడమనిషికి ఇక్కడ నిలబడే చోటు దొరకడమే గొప్ప అని అందరూ అన్నారు. నమ్మీ నమ్మకా ఆమె కూడా అదే అనుకుంది.

ఆమె పని ఎక్కువగా రేడియేటర్ల మీద. వెనక తొట్టి కట్టిన మూడు చక్రాల మోటార్‌సైకిళ్లకు, మా ఎండలో, ఇంజిన్ చుట్టూ దాన్ని చల్లబరిచే మంచి కూలెంట్ తిరగకపోతే గతి లేదు. తియుంబా పొద్దున్నే బ్యాంకు వెనక్కి వెళ్లి ఏసీల నుంచి కారే నీళ్లు డబ్బాలో పట్టుకునేది. బోరు నీళ్లలో ఉండి గొట్టాలకు పట్టేసే సున్నం వాటిలో ఉండదు. తలగుడ్డ కొసతో వడగట్టి, అప్పుడే సీలు విప్పిన డబ్బాలోని కూలెంట్ మందు సగానికి సగం కలిపేది. అలా కలిపితే రంగు లేతగా వస్తుంది. ఆమె కొంప ముంచింది అదే. మా వాళ్లకు కూలెంట్ అంటే రంగు. మూత తీసి వేలు ముంచి, గోటికి పచ్చ అంటిందా లేదా అని చూస్తారు. అంటకపోతే, "ఏంటక్కా, నీళ్లకు మందు చూపించి దాచేశావా?" అని ఎగతాళి.

అలాంటి వాళ్ల కోసమే మాస్టర్ బల్ల మీద ముదురు పచ్చ సీసాలు వరసగా ఉండేవి. పాత సీసాలు కడిగి, బోరు నీళ్లు పట్టి, మిఠాయిల్లో వేసే రంగు కలిపి నింపినవి. తియుంబాకు ఆ సంగతి తెలియక కాదు. షెడ్డు వెనక ఆ బోరు పంపు కొట్టింది చాలాసార్లు ఆమే.

మార్చి ఎండల్లో కుంబుయిలి పల్లె నుంచి నపారి వచ్చాడు. ఆ పల్లెకు అంబులెన్సు రాదు. మొక్కజొన్న బస్తాలు మోసే అతని బండే రోగులనూ, నొప్పులు పడే ఆడవాళ్లనూ మోస్తుంది.

"అక్కా, మా చెల్లెలు లాబిబాకి నెలలు నిండాయి. ఏ పూటైనా ఆసుపత్రికి తోలాలి. బండి నన్ను దారిలో నిలబెట్టకూడదు," అన్నాడు.

తియుంబా రేడియేటర్ కడిగి, తన కూలెంట్ కలిపి పోసింది. నపారి వేలు ముంచి చూసుకున్నాడు. మొహం చిన్నబుచ్చుకుని నేరుగా మాస్టర్ దగ్గరికి నడిచాడు. మాస్టర్ నవ్వుతూ వచ్చి, ఆమె పోసిందంతా నేల మీదకు వదిలేసి, ముదురు పచ్చ సీసా వంచాడు. పక్క బండి దగ్గర కూర్చుని తియుంబా అంతా చూసింది. స్పానర్ అందుకుని ఆ బండి నట్లు బిగించడం మొదలుపెట్టింది.

లాబిబాకు నొప్పులు మొదలైన రోజు, సగం దారిలో బండి ఆవిరి కక్కి, ఇంజిన్ పట్టేసింది. దారి పక్క షియా చెట్టు కింద కాన్పుకు గుడ్డలు అడ్డం కట్టారు. తల్లి బతికింది. బిడ్డ ఏడవలేదు.

నపారీ, అతని పెదనాన్నా పంచాయితీకి వచ్చారు. వాళ్లు రాకముందే మాస్టర్ కోలా గింజలు తెప్పించి పెట్టాడు. తప్పు చేసినవాళ్లు మోకరిల్లి గింజలు అందిస్తే, అవతలివాళ్లు కొరికితే, మాట అక్కడితో ముగుస్తుంది.

"నా చెయ్యి తప్పింది అను. అంతే," అని మాస్టర్ ఆమె చెవిలో చెప్పాడు. "రేపట్నుంచి నీ పని నీది."

ఆ మాట తియుంబా ఇదివరకు ఎన్నిసార్లు అన్నదో. గింజల పళ్లెం పట్టుకుని మోకరిల్లింది.

"నా చెయ్యి తప్పలేదు పెదనాన్నా. నేను పోసింది మాస్టర్ తీసి పారబోశాడు. ఆయన పోసింది కూలెంట్ కాదు. రంగు నీళ్లు."

మిగతా మెకానిక్‌లు నేల చూపులు చూశారు. వాళ్ల బల్లల మీదా అవే సీసాలు మరి. చేరదీసినందుకు మంచి బుద్ధి చెప్పిందని మాస్టర్ నవ్వేశాడు. నపారి మాత్రం నవ్వలేదు.

"ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు కదక్కా. అప్పుడెందుకు చెప్పలేదు?"

"భయమేసింది తమ్ముడూ."

అతను గింజ ముట్టలేదు. ఆమెను తిట్టనూ లేదు. పెదనాన్న చెయ్యి పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం నమాజుకు ముందే తియుంబా సామాను రోడ్డు మీద పడింది. ఇప్పుడు ఆమె కల్వర్టు పక్కన గోనె పరుచుకుని కూర్చుంటుంది. సంఘానికి కోపం వస్తుందని అటు ఎవరూ పెద్దగా బండి తిప్పరు. సుగ్రి మాస్టరే ఇంకా సంఘం పెద్ద. సీసాలు కూడా కదల్లేదు. లాబిబా బిడ్డకు పేరు పెట్టే రోజు రాలేదు.

చదివి అయ్యో అనుకుని పక్కన పెడతారని తెలిసే అడుగుతున్నాను. సీలు లేని కూలెంట్ సీసా ఎక్కడ కనబడినా ఇందులో ఏముంది, ఎవరు నింపారు అని అంగడివాణ్ణి నలుగురి ముందు నిలదీయండి. జవాబు రాకపోతే తనిఖీ అధికారుల దగ్గరికి ఒక్కరుగా కాదు, బండి నడిపేవాళ్లంతా కలిసి వెళ్లండి. మీ వీధి షెడ్డులో నోరెత్తని పనివాళ్లు ఎవరైనా ఉంటే, నిజం చెబితే నీ పక్కన నిలబడతామని ముందే చెప్పండి. చెప్పాక నిలబడండి.