లియోనా రెండేళ్ళు

ఒరెస్ట్ కొవాల్చుక్ నోట్లో నాలుక లేని మనిషని ఎల్క్‌హిల్‌లో అందరూ అంటారు. అది సగమే నిజం. గోధుమ ధర గురించో, కోతలు కోసే కంబైన్ బెల్టు గురించో అడిగి చూడండి, గంట మాట్లాడతాడు. వాళ్ళ పార్టీని ఎవరైనా ఒక్క మాటంటే రెండు గంటలు మాట్లాడతాడు. ఇంటి సంగతి నలుగురిలో చెప్పాల్సి వచ్చినప్పుడే ఆయనకు గొంతు పెగలదు. పెళ్ళినాడు లేచి రెండు ముక్కలు చెప్పమంటే, "లియోనా దొరికింది. మంచిదే. భోజనాలు చల్లారిపోతున్నాయి," అని కూర్చున్నాడు మహానుభావుడు.

పార్టీ అంటే కన్సర్వేటివ్ పార్టీ, నీలం రంగు. అది ఆయనకు పొలంతో పాటు వచ్చిన ఆస్తి. మన సస్కాచెవాన్ రాష్ట్రపు మనిషి కెనడాకు ప్రధానమంత్రి అయిన రోజుల్లో వాళ్ళ నాన్న ఆ పార్టీలో చేరాడు. మతం పుచ్చుకున్నా ఇంత పట్టుదల ఉండదని వాళ్ళ నాయనమ్మ విసుక్కునేదట. ఒరెస్ట్ పద్దెనిమిదో ఏట సమ్మెట చేతపట్టాడు. ఎన్నికలొచ్చాయంటే ట్రక్కు వెనక నీలం బోర్డులు వేసుకుని, హైవే మొదలు ఆఖరి మట్టిరోడ్డు దాకా పాతుకుంటూ పోవడమే పని. ఏ గుంట పక్కన రాయి తగులుతుందో, ఎవరి కుక్క కరుస్తుందో ఆయనకు కంఠతా వచ్చు.

లియోనా పుట్టింటి రంగు నారింజ. పుట్టుకతోనే ఎన్‌డీపీ పార్టీ. ఎనభై మూడులో ఇద్దరికీ పెళ్ళయింది. ఆయనకు ఇరవై ఎనిమిది, ఆమెకు ఇరవై ఒకటి. మరుసటి ఏడే ఎన్నికలొస్తే, ఇంటి ముందు పచ్చికను మధ్యలో ఉన్న సిమెంటు బాట సాక్షిగా పంచుకున్నారు. ఎడమవైపు నీలం బోర్డు, కుడివైపు నారింజ బోర్డు. ఆమె బోర్డు కూడా ఆయనే పాతాడు, పైగా నిటారుగా పాతాడు. దాని మీద ఊరు నవ్వింది, తర్వాత అలవాటు పడింది. ఆ ఇంట్లో ఎన్నికల వేళ కేకలు వినపడలేదు. అసలు పోట్లాట వచ్చింది ఓట్ల మీద కాదు, పుట్టిన సంవత్సరాల మీద.

రెండువేల పన్నెండు మార్చి ఆఖరు. మంచు కరిగి రోడ్లన్నీ బురద. నీలం ప్రభుత్వం బడ్జెట్‌లో ఒక మాట చెప్పింది: వృద్ధాప్య పెన్షన్ ఇకమీద అరవై ఐదుకి కాదు, అరవై ఏడుకి. ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా. మర్నాడు పొద్దున పదింటికి కేఫ్‌లో కాఫీ బల్ల చుట్టూ మామూలు ముఠా చేరింది. పందెపు పాచికలు బల్ల మీద ఉన్నాయి గానీ, ఎవరి వంతు కాఫీ డబ్బులో తేల్చుకునే తీరిక ఆ రోజు ఎవరికీ లేదు.

డెల్మర్ పేపరు చదివాడు. "యాభై ఎనిమిది మార్చి ముప్పై ఒకటిలోపు పుట్టినోళ్ళకి ఏం మారదంట."

"నాది యాభై ఒకటి," అన్నాడు లోర్న్. ధాన్యం నిల్వచేసే ఎలివేటర్లో పనిచేసి రిటైరైన మనిషి, ఆ బల్లకు ఏకైక నారింజ.

"నాది యాభై నాలుగు," అన్నాడు డెల్మర్.

"యాభై ఐదు," అన్నాడు ఒరెస్ట్.

"ఐతే మన బల్లంతా గట్టెక్కినట్టే!"

గట్టెక్కినవాడికి నీతులు చెప్పే తీరిక దొరుకుతుంది. జనం ఎక్కువ కాలం బతుకుతున్నారు, పనిచేసేవాళ్ళు తగ్గుతున్నారు, ఎప్పటికైనా ఎవరో ఒకరు ఈ పని చెయ్యక తప్పదు అని ఒరెస్ట్ చక్కగా వివరించాడు. లోర్న్ అలవాటు కొద్దీ నాలుగు తిట్లు తిట్టాడు గానీ, వాటిలో పస లేదు. తన పుట్టిన ఏడు తనకు తెలుసు కదా.

ఒరెస్ట్ ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు. లియోనా మధ్యాహ్నం డ్యూటీకి బూట్లు వేసుకుంటోంది. ఊరి చివర వృద్ధుల ఆశ్రమంలో పని ఆమెకు. దుప్పట్లు ఉతకాలి, ముసలివాళ్ళను మంచం మీంచి కుర్చీలోకి ఎత్తాలి.

"మనకేం భయం లేదు. నేను యాభై ఐదు కదా, తప్పించుకున్నాం," అన్నాడు.

లియోనా బూటు లేసు వదిలేసింది. "నేనెప్పుడు పుట్టాను, ఒరెస్ట్?"

"మార్చి పదకొండు. మొన్నేగా కేకు కోశాం!"

"తారీకు సరే. ఏడాది?"

"అరవై..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. కేకు మీద యాభై అని రాయించింది ఆయనే.

"చెప్పు, చెప్పు. అరవై?"

"రెండు," అన్నాడు నూతిలోంచి మాట్లాడినట్టు.

మళ్ళీ తనే తేరుకున్నాడు. "రెండేళ్ళే కదే. కళ్ళు మూసి తెరిచేలోగా..."

"ఎద్దు పుండు కాకికి నొప్పా?" అంది లియోనా. "ఇరవై ఏళ్ళు నీతో పొలం చేశాను. అర్ధరాత్రి ఆవులు ఈనుతుంటే లాంతరు పట్టుకుంది నేను. ధాన్యం ట్రక్కు నడిపింది నేను. అదంతా ఏ కాగితం మీదుంది? జీతం ఇస్తేగా, ఉండటానికి! ఈ ఒక్క పెన్షనే ఎక్కడ పనిచేశావని అడగదు. ఈ నేల మీద బతికావా అని అడుగుతుంది. బతికాను. ఇదిగో ఈ భుజం అరవై ఐదు దాకా ఎలాగోలా లాక్కొస్తుంది. ఇంకో రెండేళ్ళు లాగమని దానికి నువ్వే చెప్పు."

తలుపు గట్టిగా కూడా వెయ్యకుండా వెళ్ళిపోయింది. గట్టిగా వేసినా బాగుండేది.

మర్నాడు కేఫ్‌లో ఒరెస్ట్ కాఫీ ముట్టుకోలేదు. "లోర్న్, మీ మార్లీన్ ఏ సంవత్సరం?" అన్నాడు.

"యాభై తొమ్మి..." అని లోర్న్ నాలుక కరుచుకున్నాడు. డెల్మర్ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "అమ్మబాబోయ్, మా జాయిస్ అరవై," అన్నాడు. ఆ బల్ల దగ్గర తనకంటే పెద్దదాన్ని చేసుకున్న మొగాడు ఒక్కడూ లేడు. అందరూ తమ పుట్టినరోజులు చూసుకుని పండగ చేసుకున్న ఘనులే!

"ఇంట్లో చెప్పకండిరా," అన్నాడు డెల్మర్.

కేఫ్ నడిపే ఆవిడ, మే, కాఫీ కెటిల్ పట్టుకుని పక్కనే నిలబడి వింటోంది. "వాళ్ళకి మొన్న రాత్రే తెలుసు. మంచు మీద కర్లింగ్ ఆటకి వచ్చినప్పుడు మీ సంగతే మాట్లాడుకున్నారు. మీకెప్పటికి వెలుగుతుందా అని పందెం కూడా కట్టారు," అంది.

వేసవి అలా గడిచింది. సెప్టెంబరులో కోతలు. ఒక సాయంత్రం లియోనా పొలానికి భోజనం తెచ్చింది. ట్రక్కు వెనక చెక్క మీద కూర్చుని ఇద్దరూ క్యాబేజీ చుట్టలు తింటుండగా, ఆమె నెమ్మదిగా అడిగింది.

"అక్టోబర్లో ఊరి హాల్లో టర్కీ కోడి విందుకి మెకిన్నన్ వస్తాడుగా?"

గ్రాంట్ మెకిన్నన్ అక్కడి ఎంపీ. నీలం వాడే. "ఏటా వస్తాడుగా. కాఫీ పోస్తాడు," అన్నాడు ఒరెస్ట్.

"నీ కప్పు దగ్గరికి వచ్చినప్పుడు అడుగు. నా రెండేళ్ళ సంగతి."

ఒరెస్ట్ తింటున్న చుట్టను గిన్నెలో పెట్టేశాడు. మా వైపు కోతలయ్యాక జరిగే ఆ విందులో ఎంపీ అయినా, ఎవరైనా, కెటిల్ పట్టుకుని అందరికీ కాఫీ పొయ్యాల్సిందే. బదులుగా ఆ రెండు గంటలూ ఆయన్ను ఎవరూ రాజకీయం అడగరు. ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ, ఆ కట్టు తప్పినవాడు నేను పుట్టాక లేడు.

"విందులో మాట్లాడకూడదు లియోనా. నీకు తెలీదా?"

"తెలుసు. నేనడిగితే నారింజోళ్ళ పిల్ల అని నవ్వి, కప్పు నింపి పోతాడు. నువ్వడిగితే వినాలి. ఆయన బోర్డులు పాతింది నువ్వు."

"అడగలేకపోతే ఏమంటావు?"

"ఏమీ అనను," అంది లియోనా, గిన్నెలు సర్దుకుంటూ.

ముప్పై ఏళ్ళ కాపురం చేసిన మగవాడు తిట్లకు భయపడడు. ఈ మాటకు భయపడతాడు. ఆ తర్వాత మూడు వారాలు ఒరెస్ట్ కంబైన్ మీద కూర్చుని ఆ ప్రశ్ననే సాధన చేశాడు. గోధుమకు వినిపించాడు, కుక్కకు వినిపించాడు. కుక్క బాగానే విన్నది.

విందు రోజు హాలు కిటకిటలాడింది. మొదటి పంక్తికే నూట అరవై మంది. టర్కీ, ముల్లంగి ముద్ద, క్యాబేజీ చుట్టలు, తీపికి గుమ్మడికాయ 'పై'. వంటింటి కిటికీలోంచి పళ్ళాలు వస్తున్నాయి, పోతున్నాయి. లియోనా మోచేతుల దాకా రబ్బరు తొడుగులేసుకుని సింకు దగ్గర ఉంది. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.

మెకిన్నన్ కాఫీ కెటిల్‌తో బల్ల బల్లకూ తిరుగుతూ వచ్చాడు. మంచివాడే పాపం, అందరి పిల్లల పేర్లూ గుర్తుపెట్టుకుంటాడు. "ఒరెస్ట్! మా బోర్డుల మొనగాడు! ఎలా ఉన్నావయ్యా?" అంటూ కెటిల్ వంచాడు.

ఒరెస్ట్ అరచెయ్యి కప్పు మీద పెట్టాడు. పోసి ఉంటే చెయ్యి కాలేది.

"అరెరె! కాఫీ వద్దా?"

"ఒక మాట అడగాలి."

బల్ల చుట్టూ ఫోర్కులు ఆగాయి. లోర్న్ నోట్లో టర్కీ నోట్లోనే ఉంది. ఒరెస్ట్ లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలీదు, కాళ్ళు లేపాయి. అంతటితో చుట్టుపక్కల నాలుగు బల్లలు కూడా చల్లబడ్డాయి. సాధన చేసిన ప్రశ్న కాస్తా గాలికి పోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు అరవై ఐదుకి వస్తుంది. లియోనాకి అరవై ఏడుకి. ఒకే పొలం చేశాం. పొద్దున్నే ముందు లేచేది కూడా ఆమే. మరి ఎందుకండీ అలా?"

మెకిన్నన్ కెటిల్ కింద పెట్టాడు. విసుక్కోలేదు. జనం ఎక్కువ కాలం బతుకుతున్నారనీ, పనిచేసేవాళ్ళు తగ్గుతున్నారనీ, సర్దుకోవడానికి పదకొండేళ్ళ ముందే చెప్పామనీ నిదానంగా వివరించాడు. మార్చిలో కేఫ్‌లో ఒరెస్ట్ చెప్పిన మాటలే ఇంచుమించు.

"ఆ లెక్క నాకు తెలుసండీ. ఊరందరికీ నేనే చెప్పాను," అన్నాడు ఒరెస్ట్. "ఆమెకి మాత్రం చెప్పలేకపోయాను. నా వల్ల కాలేదు. మీరు చెప్పండి. అదిగో, వంటింట్లో ఉంది."

హాలంతా గుసగుసలు. పక్క బల్ల దగ్గర మార్లీన్ చప్పట్లు కొట్టి, తనొక్కతే కొడుతున్నానని చూసుకుని కూడా ఆపలేదు. జాయిస్ కలిసింది. మెకిన్నన్ అటూ ఇటూ చూశాడు. ఓట్లడిగి బతికేవాడు కదా, తప్పించుకునే దారి లేదని తెలుసుకున్నాడు. నేరుగా వంటింట్లోకి నడిచాడు.

కిటికీలోంచి ఒరెస్ట్‌కు కనిపించింది గానీ వినిపించలేదు. మెకిన్నన్ చేతులు తిప్పుతూ మాట్లాడాడు. లియోనా విన్నది. రెండు మాటలే అంది. ఎంపీ గారు కోటు విప్పాడు. లియోనా ఒక తువ్వాలు అందించింది. రెండో పంక్తి మొత్తం అయ్యేదాకా ఆయన ఆమె పక్కన నిలబడి పళ్ళాలు తుడుస్తూనే ఉన్నాడు. బయట కాఫీ పోసింది లోర్న్. "నారింజ కాఫీ రుచి చూడండి బాబూ!" అని బల్ల బల్లకూ ఒలకబోసి పెట్టాడు.

ఇంటికి వెళ్తూ ట్రక్కులో ఒరెస్ట్ ఉండబట్టలేక అడిగాడు. "ఏమన్నావే ఆయన్ని?"

"రెండేళ్ళు పెద్ద ఎక్కువేం కాదమ్మా అన్నాడు. ఐతే రెండో పంక్తికి కూడా ఉండండి, అదీ పెద్ద ఎక్కువేం కాదన్నాను."

ఒరెస్ట్ నవ్వుతూ నవ్వుతూ ట్రక్కును గుంటలోకి దింపబోయాడు. లియోనా స్టీరింగు పట్టుకుంది.

పార్టీలో కొందరు పెద్దలు ఆ చలికాలమంతా ఒరెస్ట్‌తో ముభావంగా ఉన్నారు. విందు కట్టు తప్పాడని హాలు కమిటీ వాళ్ళూ గొణిగారు. ఆయన పట్టించుకోలేదు. రెండువేల పదిహేను ఎన్నికల్లో మళ్ళీ ఆయన్నే పిలిచారు, గుంటల పక్కన రాళ్ళ సంగతి ఇంకెవరికీ తెలీదు కనుక. మా దగ్గర నీలమే గెలిచింది. దేశంలో మాత్రం ఎర్ర పార్టీ, లిబరల్స్ గెలిచారు. మరుసటి మార్చి బడ్జెట్‌లో పెన్షన్ వయసును మళ్ళీ అరవై ఐదుకి తెచ్చేశారు. ఒక్క మనిషైనా ఒక్క నెలైనా ఎక్కువ ఆగకముందే ఆ రెండేళ్ళూ వెళ్ళిపోయాయి.

ఆ రోజు కేఫ్‌లో ఒరెస్ట్‌కు ఊపిరి సలపనివ్వలేదు. "చూశావా! మీవాళ్ళు లాక్కున్నది ఎర్రోళ్ళు తెచ్చిచ్చారు," అన్నాడు లోర్న్. "ఇప్పుడు పచ్చికలో మూడో బోర్డు ఎక్కడ పాతుతావ్, పొయ్యి మీదా?"

సంతోషమే గానీ, ఎక్కడో గుచ్చుకుంది. అరవై ఒక్క ఏళ్ళ మనిషి చిన్నబోయిన మొహంతో ఇంటికి వచ్చాడు. లియోనా పొయ్యి దగ్గర పెరోగీ కుడుములు వేయిస్తోంది, రేడియోలో విననే విన్నది.

"మంచిదే అయింది," అన్నాడు కుర్చీలో కూలబడి. "మనవాళ్ళే ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేది. అంతమందిలో అంత అడిగి, చివరికి వాళ్ళ చేతి నుంచి..."

లియోనా గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగింది.

"ఇచ్చింది ఎవడైతే నాకేం?" అంది. "అడిగింది నా మొగుడు."